బోటులో బ్యాటరీ, కరెంటు సమస్యలు: నెల్లూరు, ప్రకాశం తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా బోట్ల వాళ్ళు అడిగే సందేహాలు ఏడాది పొడవునా దాదాపు అవే. వేటకు వెళ్ళే మర బోటు అయినా, సందర్శకులను తిప్పే జెట్ బోటు అయినా, లోపల ఉండేది 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఇంజనును తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు, బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు, వాటిని కలిపే వైర్లు. వీటిలో బ్యాటరీ ఒక్కటే కొట్టులో సులభంగా దొరుకుతుంది కనుక, ఏ చిక్కు వచ్చినా ముందు దాన్నే మార్చేస్తారు. కొలవకుండా ఏదీ మార్చవద్దని చెప్పడానికే ఈ జవాబులన్నీ ఒకచోట రాశాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక, కావలసినది మాత్రమే చదువుకోవచ్చు.

## ఒడ్డున, ఇంజను స్టార్టు కానప్పుడు

తాళం తిప్పితే టక్కుమని ఒక శబ్దం వచ్చి ఆగిపోతోంది. బ్యాటరీ పోయినట్టేనా?

అలా అనుకోవడానికి తొందరపడకండి. ఆ టక్కుమనే శబ్దం సోలినాయిడ్, అంటే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి, పనిచేస్తోందనడానికి గుర్తు. సెల్ఫ్ మోటారు తిరగడానికి వందలకొద్దీ ఆంపియర్ల కరెంటు కావాలి, అది దారిలో ఎక్కడో ఆగిపోతోంది. బ్యాటరీ దిగిపోయినా, టెర్మినల్ వదులైనా, కేబులు లోపల తినేసినా, సెల్ఫ్‌లో బొగ్గులు (కార్బన్ బ్రష్‌లు) అరిగినా వచ్చే లక్షణం ఇదొక్కటే.

ముందుగా మల్టీమీటరును బ్యాటరీ రెండు సీసపు పోస్టుల మీదే పెట్టి, మరొకరిని తాళం తిప్పమనండి. ఆ క్షణంలో వోల్టేజి 9.6 కంటే కిందికి పడిపోతే బ్యాటరీ ఛార్జి లేకుండా ఉంది లేదా పాడైంది. వోల్టేజి 12 దగ్గరే నిలబడి ఉండి ఇంజను తిరగకపోతే బ్యాటరీ దోషం లేదు, కరెంటు సెల్ఫ్ దాకా చేరడం లేదు లేదా సెల్ఫ్‌లోనే లోపం ఉంది. ఇప్పుడు మీటరు ఎర్ర తీగను బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్ల తీగను సెల్ఫ్ మీది లావు బోల్టు మీద పెట్టి మళ్ళీ తాళం తిప్పించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో లోపం ఉంది. అలాగే బ్యాటరీ నెగెటివ్ పోస్టుకూ ఇంజను బ్లాకుకూ మధ్య కొలిస్తే 0.3 వోల్టు దాటకూడదు.

జువ్వలదిన్నె వైపు ఒక మర బోటు వాళ్ళు ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చి, మూడోది కొనబోతూ నన్ను పిలిచారు. నెగెటివ్ కేబులు లగ్గు, అంటే కొసన బిగించే లోహపు ముక్క, పైకి శుభ్రంగానే ఉంది. లగ్గు పక్కన నల్లటి తొడుగును బ్లేడుతో రెండంగుళాలు చీల్చితే లోపలి నుంచి పచ్చటి పొడి రాలింది. రాగి పోగులు నల్లబడి, వేలితో నలిపితే విరిగిపోయాయి, గట్టిగా మిగిలినవి పది పన్నెండు పోగులే. దీపాలు వెలగడానికి ఆ పోగులు చాలాయి కనుక ఎవరికీ అనుమానం రాలేదు. కేబులు మార్చాక పాత బ్యాటరీతోనే ఇంజను స్టార్టు అయింది.

మీటరులో 12 వోల్టులు చూపిస్తోంది. బ్యాటరీ బాగున్నట్టే కదా?

కాదు. 12 వోల్టుల బ్యాటరీ అనేది పేరు మాత్రమే. నిండుగా ఛార్జి అయి, కొన్ని గంటలు ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.4 ఉంటే ముప్పాతిక, 12.2 ఉంటే సగం, 12.0 ఉంటే పావు వంతు మాత్రమే ఛార్జి ఉన్నట్టు లెక్క. ఛార్జరు తీసిన వెంటనే కొలిస్తే పైపై వోల్టేజి ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది కనుక, కనీసం రెండు మూడు గంటలు ఆగి కొలవాలి.

వోల్టేజి సరిగ్గా ఉన్నా లోడు పడగానే కూలిపోయే బ్యాటరీలు ఉంటాయి. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లులనూ విడివిడిగా చూడండి. అన్నిటి సాంద్రత దగ్గర దగ్గరగా ఉండి తక్కువగా ఉంటే ఛార్జి చేస్తే సరిపోతుంది. ఒక సెల్లు మాత్రం మిగతావాటి కంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్లు పోయింది, ఆ బ్యాటరీ మీద నమ్మకం పెట్టుకుని సముద్రంలోకి వెళ్ళవద్దు.

తాళం తిప్పితే అసలు శబ్దమే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడండి. అవి కూడా వెలగకపోతే మెయిన్ స్విచ్చి, మెయిన్ ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్ళు చూడాలి. దీపాలు వెలుగుతూ సెల్ఫ్ మాత్రం పలకకపోతే, జెట్ బోట్లలోనూ ఔట్‌బోర్డు ఇంజన్లలోనూ మొదటి అనుమానం నడిపేవారి ఒంటికి తగిలించుకునే, వారు పడిపోతే ఇంజనును ఆపే కిల్ స్విచ్చి తాడు మీద. దాని క్లిప్పు సరిగ్గా కూర్చోకపోతే చాలా ఇంజన్లలో సెల్ఫ్ కూడా పనిచేయదు. రెండో అనుమానం గేరు లివరు న్యూట్రల్‌లో ఉందా అన్నది, ఎందుకంటే న్యూట్రల్ స్విచ్చి కలవకపోతే సెల్ఫ్‌కు కరెంటు వెళ్ళదు. ఆ రెండూ సరిగ్గా ఉంటే టెస్టు ల్యాంపు తీసుకుని, తాళం తిప్పి పట్టుకున్నప్పుడు సోలినాయిడ్ చిన్న వైరుకు కరెంటు వస్తోందా అని చూడండి. వస్తుంటే సోలినాయిడ్ పోయింది. రాకుంటే తాళం స్విచ్చి, రిలే, మధ్యలోని జాయింట్లు చూడాలి.

సాయంత్రం బాగానే కట్టేసి వచ్చాం. రెండు మూడు రోజుల తరువాత వస్తే బ్యాటరీ దిగిపోయి ఉంది. ఎందుకు?

ఏదో ఒకటి ఆపకుండా కరెంటు తాగుతోంది. అర ఆంపియరు చిన్న మొత్తమే అనిపిస్తుంది కానీ, రోజుకు 12 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 36 అవుతుంది. అంటే 80 ఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు సగం.

పట్టుకునే పద్ధతి సులభమే. అన్నీ ఆపేసి, నెగెటివ్ కేబులు ఊడదీసి, కేబులుకూ నెగెటివ్ పోస్టుకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టండి. మీటరు అలా కలిపి ఉండగా తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే ఫరవాలేదు. అంతకంటే ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీస్తూ వెళ్ళండి, ఏ ఫ్యూజు తీసినప్పుడు అంకె పడిపోతుందో దోషం ఆ దారిలో ఉంది. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఫ్యూజు లేకుండా నేరుగా తగిలించినవి చూడండి, పాటల పెట్టెలూ ఫోను ఛార్జర్లూ తరచుగా అలాగే తగిలిస్తారు. ఆల్టర్నేటరులో డయోడు పాడైనా బ్యాటరీ ఇలాగే దిగిపోతుంది.

బ్యాటరీ పైభాగం ఉప్పు తడితో జిగటగా ఉంటే దాని మీదుగానే కరెంటు మెల్లగా కారిపోతుంది. ఇస్కపల్లి వంటి ఉప్పు కొఠార్ల పక్క గాలిలో ఇది వారానికే కనిపిస్తుంది. పొడిగుడ్డతో తుడవడం కూడా మరమ్మతే.

వేరే బ్యాటరీతో జంపరు ఇచ్చి స్టార్టు చేయవచ్చా?

చేయవచ్చు, కానీ క్రమం ముఖ్యం. ముందు పాజిటివ్‌కు పాజిటివ్ కలపండి. తరువాత మంచి బ్యాటరీ నెగెటివ్‌కు నల్ల కేబులు తగిలించి, దాని రెండో కొసను దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజను బ్లాకు మీద శుభ్రమైన ఇనుముకు తగిలించండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, చివరి కలయికలో వచ్చే చిన్న నిప్పురవ్వకు పేలుతుంది, బోటు అడుగున మూత వేసిన గదిలో అది త్వరగా పోగవుతుంది. జంపరు ఇచ్చే ముందే ఆ గది మూత తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వవద్దు.

పెట్రోలు జెట్ బోటులో తాళం తిప్పేముందు ఫ్యాను వేయాలంటారు. ప్రతిసారీ అవసరమా?

ప్రతిసారీ అవసరమే. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక ఇంజను గది అడుగున పేరుకుంటుంది. బ్లోవరు అనే ఆ ఫ్యానును కనీసం 4 నిమిషాలు నడిపి, మూత ఎత్తి వాసన చూసి, ఆ తరువాతే తాళం తిప్పాలి. ఇదే కారణంగా పెట్రోలు ఇంజను గదిలో కారు సెల్ఫ్ మోటారు, కారు ఆల్టర్నేటరు వేయకూడదు. బోటు కోసం చేసినవాటిలో లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటుకోకుండా కట్టడి ఉంటుంది, కారు సామానులో ఉండదు. ధరలో తేడా చూసి కారు సామాను వేసే వాళ్ళను చూస్తే నాకు నిజంగా భయం వేస్తుంది.

## నీళ్ళ మీద ఉన్నప్పుడు

బోటు నడుస్తుండగా ఛార్జింగు లైటు వెలిగింది. వెంటనే ఇంజను ఆపాలా?

ఆపవద్దు, ఆపితే మళ్ళీ స్టార్టు కాకపోవచ్చు. అయితే ముందుగా ఇంజను వేడి చూపే మీటరు చూడండి. ఆల్టర్నేటరును తిప్పే బెల్టే నీళ్ళ పంపును కూడా తిప్పే ఇంజన్లలో బెల్టు తెగితే వేడి పెరిగిపోతుంది, అప్పుడు మాత్రం ఆపక తప్పదు. వేడి మామూలుగా ఉంటే అక్కరలేని దీపాలు, పాటలు, ఛార్జర్లు ఆపేసి ఒడ్డుకు తిరగండి. మామూలు మెకానికల్ పంపు ఉన్న డీజిలు ఇంజను ఒకసారి స్టార్టు అయ్యాక కరెంటు లేకపోయినా నడుస్తుంది. పెట్రోలు ఇంజనుకు స్పార్కు కావాలి కనుక బ్యాటరీలో ఉన్నంతసేపే నడుస్తుంది.

ఒడ్డున ఇంజను నడుపుతూ బ్యాటరీ మీద కొలిస్తే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. 12.6 దగ్గరే ఉండిపోతే బెల్టు, ఆల్టర్నేటరు వెనుక వైరు, బొగ్గులు, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటరు ఈ వరుసలో చూడండి. ఆల్టర్నేటరు పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకే అలవాటు మన మెకానిక్కుల్లో కొందరికి ఇంకా ఉంది. ఆ ఒక్క పనితో డయోడ్లు కాలిపోతాయి, దయచేసి ఎవరినీ చేయనివ్వకండి.

జెట్ బోటు వేగంగా వెళ్తూ ఒక్కసారిగా ఆగిపోయింది, స్టీరింగు తిప్పినా తిరగలేదు. స్టీరింగు కూడా పాడైందా?

స్టీరింగు పాడు కాలేదు. జెట్ బోటుకు నీళ్ళలో చుక్కాని ఉండదు. వెనుక గొట్టం నుంచి చిమ్మే నీటి ధారను పక్కకు మళ్ళించడమే దాని స్టీరింగు. ఇంజను ఆగితే ధార ఆగుతుంది, ధార ఆగితే బోటు తన ఊపులోనే నేరుగా వెళ్ళిపోతుంది. వదులుగా ఉన్న ఒక్క వైరు జెట్ బోటులో చుక్కాని పీకేసినంత పని చేస్తుంది. అందుకే మనుషులున్న ఒడ్డు వైపు, జెట్టీ వైపు వేగంగా వెళ్ళి చివరి క్షణంలో తిప్పే విన్యాసాలు వద్దు.

ఒక్కసారిగా, తాళం తీసినట్టు ఆగిపోతే అది కరెంటు దోషం కావడానికే అవకాశం ఎక్కువ. డీజిలో పెట్రోలో అందకపోతే ఇంజను కొంత తడబడి ఆగుతుంది. కిల్ స్విచ్చి, తాళం స్విచ్చి వెనుక కనెక్టరు, ఇంజనుకు కరెంటు ఇచ్చే మెయిన్ రిలే, బ్యాటరీ టెర్మినళ్ళు చూడండి. అల మీద ఎగిరి పడ్డప్పుడల్లా ఆగుతుంటే ఏదో కనెక్షను ఊగుతోంది. ఇంజను నడుస్తుండగా ఒడ్డున కట్టేసి, వైర్ల కట్టను ఒక్కో చోట చేత్తో కదిలించి చూస్తే దొరుకుతుంది, తిరిగే బెల్టుకు చేయి, చొక్కా దూరంగా ఉంచాలి. ఇంజను బాగానే తిరుగుతూ బోటు మాత్రం కదలకపోతే అది కరెంటు సమస్య కాదు. పులికాట్ వంటి లోతు తక్కువ నీళ్ళలో నాచు, ఇసుక జెట్ లోపలికి పీల్చుకుని ఉంటుంది.

సెల్ఫ్ కొట్టగానే జీపీఎస్, చేపల ఫైండరు ఆరిపోయి మళ్ళీ వెలుగుతున్నాయి. అవి పాడైనట్టా?

పాడు కాలేదు. సెల్ఫ్ లాగినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఒక క్షణం 10 దగ్గరికి పడిపోతుంది, ఆ పరికరాలు అంతకంటే ఎక్కువ కావాలంటాయి. సెల్ఫ్‌కు ఒక బ్యాటరీ, దీపాలకూ పరికరాలకూ మరో బ్యాటరీ పెట్టి, మధ్యలో రెండు బ్యాటరీల స్విచ్చి వేసుకోవడం శాశ్వత పరిష్కారం. రాత్రంతా దీపాలు వెలిగినా తెల్లవారి ఇంజను స్టార్టు అవుతుందన్న ధైర్యం కూడా దీనితో వస్తుంది.

ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. పెద్దది వేయవచ్చా?

వేయకూడదు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడడానికి. 10 ఆంపియర్ల వైరుకు 30 ఫ్యూజు వేస్తే, మొదట కాలేది వైరు, తరువాత బోటు ఫైబరు. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, ఎందుకంటే దానికి ముందున్న వైరుకు ఏ రక్షణా ఉండదు. సిగరెట్టు పెట్టె వెండి కాగితం ఫ్యూజు స్థానంలో చుట్టిన బోటు కనిపిస్తే అందులో ఎక్కకండి.

నీళ్ళు తోడే పంపు పనిచేయలేదు, లోపల మోకాలి లోతు నీళ్ళు చేరాయి. ఎందుకు?

ఆటోమేటిక్ పంపుకు వెళ్ళే వైరు మెయిన్ స్విచ్చి తరువాత తగిలించి ఉంటే, మీరు మెయిన్ ఆపి ఇంటికి వెళ్ళగానే పంపు కూడా ఆగిపోతుంది. నీళ్ళు పెరిగితే పంపును నడిపే ఫ్లోటు స్విచ్చి వైరును సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఇవ్వాలి. అలా ఉన్నా పనిచేయకపోతే, ఎప్పుడూ తడిలో ఉండే ఆ రెండు జాయింట్లు ముందు విప్పి చూడండి. ఇన్సులేషన్ టేపు నీటిని ఆపదు, లోపల పట్టి ఉంచుతుంది. లోపల జిగురు ఉండే వేడికి ముడుచుకునే గొట్టం వేసి, జాయింటును నీటి మట్టం కంటే పైకి కట్టాలి. ఫ్లోటు కింద వల దారాలు, చేప పొలుసులు ఇరుక్కోవడం కూడా మన బోట్లలో మామూలే. ఒక బక్కెట్టు నీళ్ళు పోసి, పంపు తనంతట తాను నడుస్తుందో లేదో బయలుదేరే ముందు చూడండి.

బ్యాటరీ చేయి పెట్టలేనంత వేడిగా ఉంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తోంది. ఏం చేయాలి?

అది అతిగా ఛార్జి కావడం లేదా లోపల సెల్లు షార్టు కావడం. మనుషులను దూరంగా పంపి, గాలి ఆడేలా మూతలు తెరిచి, ఇంజను ఆపి, బ్యాటరీకి దూరంగా ఉన్న మెయిన్ స్విచ్చి తీసేయండి. టెర్మినల్‌ను అప్పుడే ముట్టుకోవద్దు. చల్లారాక, ఇంజను నడిపితే వోల్టేజి 15 దాటుతోందా అని చూడాలి. దాటుతుంటే రెగ్యులేటరు పోయింది, కొత్త బ్యాటరీ పెట్టినా అది కూడా ఉడికిపోతుంది.

## తిరిగి వచ్చాక చేసే పనులు

టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పొడి పడుతోంది. ఎలా శుభ్రం చేయాలి?

ముందు నెగెటివ్, తరువాత పాజిటివ్ విప్పండి. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. మూతలన్నీ బిగించి, ఒక గ్లాసు నీళ్ళలో చెంచాడు వంట సోడా కలిపి పోస్తే యాసిడ్ నురగలు కక్కి చస్తుంది. నురగ ఆగాక మంచినీళ్ళతో కడిగి, పొడిగా తుడిచి, గరుకు కాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, బిగించిన తరువాతే వాజలీను పూయండి. వాజలీను ముందు పూసి బిగించేవారు ఉన్నారు, అది కరెంటు దారికే అడ్డం.

ఇంటి వైరింగు తీగ మిగిలింది. బోటుకు వాడుకోవచ్చా?

ఇంట్లో వాడే ఒంటి రాగి తీగ ఇంజను వణుకుకు విరిగిపోతుంది. బోటుకు కావలసింది సన్నని పోగులు ఎక్కువగా ఉండి, ప్రతి పోగుకూ తగరం పూత ఉన్న వైరు. ధర ఎక్కువే, కానీ ఉప్పు గాలి పూత లేని పోగుల లోపలికి తొడుగు కిందుగా పాకుతూ వెళ్తుంది.

మరొక మాట. లారీ వైరింగు చేసే వారికి నెగెటివ్‌ను బాడీకి తగిలించే అలవాటు ఉంటుంది. ఫైబరులో కరెంటు పారదు కనుక, ప్రతి దీపానికీ ప్రతి పంపుకూ తిరిగి వచ్చే నెగెటివ్ వైరు విడిగా వేయాలి.

బ్యాటరీలో బోరు నీళ్ళు పోస్తే ఏమవుతుంది?

మన తీరంలో బోరు నీళ్ళలోనే ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు ప్లేట్లను తినేస్తుంది. డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయండి. ప్లేట్లు మునిగి, పైన కొద్దిగా ఉంటే చాలు. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత వరకే పోసి, ఛార్జి పూర్తయ్యాక మిగతాది నింపండి, లేకపోతే ఛార్జింగులో యాసిడ్ పొంగి బయటికి వస్తుంది.

జెట్ యూనిట్ అల్యూమినియం గుంటలు పడి తినేస్తోంది. ఇది కరెంటు వల్లనేనా?

రెండు కారణాలు ఉంటాయి. వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిసి ఉంటే బలహీనమైన లోహం కరుగుతుంది, ఇది నెలల మీద జరుగుతుంది. పాజిటివ్ వైరు తొడుగు చిరిగి అడుగు నీటిలో తగిలితే కరెంటే నీటిలోకి కారి, అదే నష్టం రోజుల్లో జరుగుతుంది. మెరుస్తున్న కొత్త గుంటలు ఒక్కసారిగా కనిపిస్తే వైరు కోసం వెతకండి. మొదటి కారణానికి బలి కడ్డీ, అంటే జెట్‌కు బదులు తాను కరిగే ఆనోడు, మందు. సముద్రానికి జింకు, పులికాట్ వంటి సగం ఉప్పు నీటికి అల్యూమినియం, సోమశిల వంటి మంచినీటి జలాశయానికి మెగ్నీషియం రకం సరిపోతాయి. సగం అరిగాక మార్చాలి, రంగు మాత్రం వేయకూడదు.

## వేట నిషేధం, తుఫాను రోజులు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు ఒడ్డునే ఉంటుంది. ఆ 61 రోజులూ బ్యాటరీని ఏం చేయాలి?

నిండుగా ఛార్జి చేసి, విప్పి, ఇంట్లో నీడపట్టున పెట్టండి. వాడకపోయినా బ్యాటరీ తనంతట తాను దిగుతుంది, ఎండ పెరిగేకొద్దీ ఇంకా వేగంగా దిగుతుంది. దిగిపోయిన స్థితిలో వారాల తరబడి ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జి పెట్టినా తిరిగి రాదు. జూన్‌లో కొత్త బ్యాటరీ కొనే కుటుంబాలు చాలావరకు మే నెలలో ఒక్క పూట ఛార్జింగు పెట్టని కుటుంబాలే. నెలకోసారి కొలిచి, 12.4 కంటే తగ్గితే ఛార్జి పెట్టండి. ఛార్జింగు వేగం బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు, అంటే 80 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 8 ఆంపియర్లు, చాలు.

కొత్త బ్యాటరీ ఎంత పెద్దది కొనాలి?

మీ వాడకం లెక్క వేయండి. దీపాలు, జీపీఎస్, ఫైండరు, రేడియో కలిపి 48 వాట్లు అనుకుంటే 12తో భాగిస్తే 4 ఆంపియర్లు. రాత్రి 12 గంటలకు 48 ఆంపియర్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గుతుంది కనుక 100 ఆంపియర్ అవర్ కావాలి. దీపాలకు డీప్ సైకిల్ రకం, సెల్ఫ్‌కు స్టార్టింగ్ రకం తీసుకోండి. స్టార్టింగ్ రకం పలుచని ప్లేట్లు రోజూ పూర్తిగా దిగడాన్ని తట్టుకోలేవు.

తుఫానుకు బోటులో నీళ్ళు నిండి బ్యాటరీ ఉప్పునీళ్ళలో మునిగింది. ఆరబెట్టి వాడవచ్చా?

ముందు దగ్గరికి వెళ్ళేటప్పుడే జాగ్రత్త. ఉప్పునీరు బ్యాటరీ లోపలికి చేరితే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఘాటైన వాసన వస్తే గది మూత తెరిచి గాలి వచ్చే వైపు నిలబడి కాసేపు ఆగండి. నీళ్ళు పోసే మూతలున్న బ్యాటరీ లోపలికి ఉప్పునీరు వెళ్ళి ఉంటే దాన్ని వాడకండి, పాత బ్యాటరీలు తీసుకునే కొట్టుకు ఇచ్చేయండి. సెల్ఫ్, ఆల్టర్నేటరు, కనెక్టర్లు మాత్రం దక్కించుకోవచ్చు. నీళ్ళలోంచి బయటికి తీసిన రోజే మంచినీళ్ళతో ధారాళంగా కడిగి, విప్పి, నీడలో ఆరబెట్టాలి. కడగకుండా ఎండలో పెడితే ఉప్పు లోపలే ఎండి, వారం తరువాత లోపలి రాగి తీగ చుట్టలు (వైండింగు) పచ్చబడి కనిపిస్తాయి. అన్నీ ఆరి, ప్రతి వైరూ విడిగా పరీక్షించే వరకు వేరే బ్యాటరీ తెచ్చి తగిలించవద్దు.